టైపిస్టమ్మ కోడు

సోమవారం మధ్యాహ్నం మా మేనేజరు ఒక నంబరుకు ఫోన్ చేస్తే, అది పెద్దగుమాస్తాగారి భార్య ఎత్తారు. స్పీకరు ఆన్‌లో ఉంది. "గ్యాసు కట్టేశానండీ బాబూ, ఎన్నిసార్లు అడుగుతారు?" అని పెట్టేశారు.

ఆఫీసు ఫోన్లకు కోడ్లు పెట్టించింది పెద్దగుమాస్తాగారే. బయటికి మాట్లాడాలంటే ముందు ఎవరి నాలుగంకెల కోడు వాళ్లు నొక్కాలి. నెలలో ఇరవై కాల్స్ దాటితే ఆ కోడుకు లైను ఉండదు. అందరి కోడ్ల జాబితా ఆయన సొరుగులోనే ఉండేది. ఆఫీసుకు వచ్చి కూర్చోగానే ఇంట్లో గ్యాసు గురించి గుబులు పట్టుకోవడం ఆయనకు పాతికేళ్ల అలవాటు. పదో తేదీకే తన ఇరవై అయిపోయాయి. మనసు ఊరుకోక టైపిస్టమ్మ కోడు నొక్కడం మొదలుపెట్టారు. ఆమె లైను ఆగిపోయింది. జ్వరంతో ఉన్న కూతుర్ని పలకరించే దారిలేక, కాల్స్ లెక్కలో తన కోడు మీద పదేపదే కనిపించిన నంబరు ఎవరిదో తేల్చమని ఆమె మేనేజరును అడిగింది.

పెద్దగుమాస్తాగారు కళ్లజోడు తీసి, తుడిచిన అద్దాన్నే తుడుస్తూ కూర్చున్నారు.

"కోడు వాడుకుంటే వాడుకున్నారు సార్. పైగా లైను ఆగిపోయిందంటే, కబుర్లు తగ్గించుకోమ్మా అని నాకే చెప్పారే" అంది టైపిస్టమ్మ.

"రేపట్నుంచి గ్యాసు నేనే కట్టేసి బయల్దేరతానమ్మా" అన్నారాయన, తలెత్తకుండా.