థల్లూసా చేతి పని

మా పుటియోలి రేవులో నా క్షౌరం కొట్టు పక్కనే థల్లూసా మందుల కొట్టు. దగ్గు పాకాలూ కంటి లేపనాలూ పైకి అమ్మేది. అసలు పని తెర వెనక. పారిపోయి దొరికిన బానిసల నుదుట యజమానులు పచ్చబొట్టు అక్షరాలు పొడిపిస్తారు. ఆ మనిషికి తరవాత స్వేచ్ఛ వచ్చినా అక్షరాలు పోవు. వాటిని పోగొట్టేది థల్లూసా. చవిటి ఉప్పుతో కడిగి, సూదితో గీరి, జిగురు మందు పట్టించి, పైన మెత్తటి తోలుబిళ్ళ అంటించేది. తెర వెనక్కి ఎవరు వెళ్ళారో నాకు కూడా చెప్పేది కాదు. నాకది ఒళ్ళుమంట. క్షౌరం చేసేదాన్ని, ఊరి కబుర్లన్నీ నా దగ్గరికి రావాలి కదా!

అంత గుట్టుగా ఉండే థల్లూసాకి ఒకటే లోటు. తెర వెనక పని గొప్పగా చేసినా మెచ్చుకునేవాళ్ళుండరు. నయమైనవాడు ఆమె ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేవాడు. పెద్ద వైద్యులకు ఆమె ఒక ముసలి మంత్రగత్తె.

ఆ చలికాలం మా వీధివాళ్ళు అద్దకం పని చేసే హిలారస్‌ని ఎన్నుకున్నారు. నాలుగు దారుల కూడలిలో ఉన్న వీధి దేవతలకు పండుగనాడు నైవేద్యం పెట్టేది అతనే. ఒకప్పటి బానిసకు అంతకు మించిన గౌరవం మా ఊళ్ళో లేదు. హిలారస్ నుదుట ఎప్పుడూ నెలవంక బిళ్ళ ఉండేది. సోకులకని నేనే ఏడిపించేదాన్ని. తలనొప్పికని అతను నవ్వేసేవాడు.

ఒకరోజు పద్యాలు రాసే గావియస్ దగ్గు మందు కోసం వచ్చాడు. విందుల్లో ఊరివాళ్ళ తప్పులెన్ని, నవ్వించి, కడుపు నింపుకునే మనిషి.

“అమ్మా, నీ చేతిలో ఏదో ఉంది. పెద్ద వైద్యుల మందుకు లొంగని దగ్గు నీ చుక్కకు లొంగింది” అన్నాడు.

థల్లూసా ముఖం వెలిగిపోయింది. “దగ్గుదేముంది నాయనా! ఈ ఏడు కూడలిలో నైవేద్యం పెట్టేవాడి నుదురు చూడు. పండుగనాటికి పసిబిడ్డ నుదురులా ఉంటుంది. అది పని అంటే” అంది.

పక్క కొట్టులో కత్తి నూరుతున్న నాకు అంతా వినపడింది. హిలారస్ బిళ్ళ దేనికో అప్పుడు తెలిసింది, నూరడం ఆపేశాను.

రెండు రోజుల్లో పద్యం వీధిలో పడింది. ‘మన పెద్దమనిషి నుదుట మబ్బు వేసుకున్నాడు, మబ్బు చాటున పారిపోయినవాడి జాడ ఉంది’ అని పిల్లలు ఎగురుతూ పాడారు. పారిపోయి అక్షరాలు పొడిపించుకున్నవాడు దేవతలకు పనికిరాడని వీధివాళ్ళు నైవేద్యం పని ఇంకొకడికి అప్పగించేశారు.

ఇద్దరం గావియస్ ఇంటికి వెళ్ళాం. “నీ నోరు పడిపోను!” అని నేను మొదలుపెట్టాను.

అతను తాపీగా, “నేనూ వైద్యుణ్ణే. ఊరి పుళ్ళలో చీము తీయడం నా పని. నొప్పి పుడుతుంది మరి. అయినా పేరు పెట్టానా?” అన్నాడు.

“ఏం పుండు? వాడెవరికి అన్యాయం చేశాడు?” అన్నాను.

అతను నా వైపు చూడలేదు. “నాకు చెప్పిందెవరమ్మా?” అని థల్లూసాని అడిగాడు. ఆమె వెనుదిరిగి గుమ్మం దాటింది.

ఆ సాయంత్రం నేను థల్లూసా కొట్టులో ఉండగానే హిలారస్ వచ్చాడు. “అక్కా, ఎవడు చెప్పుంటాడు? నువ్వు నలుగురినీ చూస్తుంటావు, కాస్త కనుక్కో” అని థల్లూసానే అడిగాడు. ఆమె మీద అనుమానమే లేదు అతనికి. అది చూసి నాకే తల తీసేసినట్టయింది.

“నేనే చెప్పాను. వాడు పొగిడాడు, చెప్పేశాను” అంది థల్లూసా.

హిలారస్ తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. అతను తెర వెనక్కి వెళ్ళి, బల్ల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

“సగంలో ఆపితే పుండవుతుందన్నావుగా. కానియ్యి” అన్నాడు.

అంతకుముందు సూది గుచ్చుతున్నా ఏదో ఒకటి వాగేవాడట. ఇక పండుగదాకా వచ్చాడు, వెళ్ళాడు, మాట లేదు. ఆమె పని మాత్రం చెడలేదు.

పండుగనాడు అతను బిళ్ళ తీసేసి వచ్చి, గుంపులో చివర నిలబడ్డాడు. నుదుట గీత కూడా లేదు. అక్షరం ముక్క రానివాళ్ళు కూడా ఆ నుదుటినే చూస్తున్నారు. నైవేద్యం పెట్టేవాడి వైపు ఎవరి చూపూ లేదు.

చేపలమ్మే ఆవిడ థల్లూసాని మోచేత్తో పొడిచింది. “అబ్బ, ఎంత నున్నగా పోయిందే! ఎవరి చేతి పనో, బంగారం! నీదేనా?”

“నాకు తెలీదమ్మా” అంది థల్లూసా. ముఖం కప్పుకుని ఇంటిదారి పట్టింది.