మా బాపు బండి ఇంజను విప్పిన వానాకాలం

మా బాపు నాకు బుల్లెట్టు నడపడం నేర్పింది ముద్దుతో కాదు, గతిలేక. నాకు పదిహేడేళ్లప్పుడు ఆయన కుడి మణికట్టు విరిగింది. తమ్ముడు అప్పటికి నాలుగో తరగతి. ఇంట్లో ఆరు బర్రెలున్నాయి. పాలు పొద్దున్నే అత్తాపూర్ ఇళ్లకు చేరకపోతే వాడుక ఇళ్లు చెయ్యి జారిపోతాయి. అందుకని బాపు వెనక కూర్చుని నా భుజం మీదుగా చెబుతుంటే, రెండు పక్కలా క్యాన్లు కట్టిన ఆ బండిని నెలన్నర పాటు నేను నడిపాను. కట్టు విప్పిన మర్నాడే ఆయన హ్యాండిల్ అందుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

తర్వాత ఎయిర్‌పోర్టు వచ్చింది. మేత పొలం దాని కిందికి పోయింది, బర్రెల్ని అమ్మేశాం. బాపు చనిపోయేనాటికి బండి రేకుల షెడ్డులో రెండేళ్లుగా కదలకుండా ఉంది. అది ఎంత దూరం తిరిగిందో చెప్పడానికి కూడా లేదు. మీటరు అంకెలన్నీ పూర్తయి సున్నాకు ఎన్నిసార్లు వచ్చిందో బాపుకే గుర్తు లేదు. చివరి రోజుల్లో అది పాలకంటే పొగే ఎక్కువ మోసిందని వాడకట్టులో నవ్వుకునేవారు.

అప్పటికి నాకు పెళ్లయి శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటున్నాం. మా ఆయనకు కొత్తూరులో ఫ్యాక్టరీ పని. నాది ఎయిర్‌పోర్టు లోపల నేల తుడిచే పని.

బాపు పోయిన ఏడాదికి తమ్ముడు కారు కొన్నాడు. దాన్ని పెట్టుకోవడానికి షెడ్డు కూల్పిస్తుంటే నేను అమ్మను చూడ్డానికి వెళ్లాను.

"గీ తుక్కును పాత సామానోనికి ఏస్తున్న అక్కా," అన్నాడు బండిని చూపిస్తూ.

"నాకియ్యి."

"నువ్వేం జేస్కుంటవ్?"

"నడుపుత."

తమ్ముడు నవ్వాడు. "తీస్కపో. నాకు జాగ ఖాలీ అయితది."

అమ్మ పక్కనే అరుగు మీద బియ్యం చెరుగుతోంది. ఆమె విన్నది. ఈ మాట ఎందుకు రాస్తున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

శంషాబాద్ పాత రోడ్డు మీద బాపుకు ఎరుకైన ఒక ముసలి మేస్త్రి ఉండేవాడు. ట్రాలీ ఆటోలో బండిని అక్కడికి తీసుకుపోయాను. ఆయన కొత్త ఆయిలు పోసి, ఎట్లాగో ఒకసారి స్టార్ట్ చేశాడు. స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి విన్నాడు. అప్పటికే షాపంతా నీలం పొగ నిండింది. లోపల ఏదో టకటకమని కొట్టుకుంటున్న చప్పుడు నాకూ వినిపించింది.

"లోపలంత అరిగింది బిడ్డా. పిస్టను, రింగులు, వాల్వులు, కింద రాడ్డు బేరింగు. అన్నీ కొత్తయి వెయ్యాలె." ఆర్పేసి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. "ఇంట్ల మొగోళ్లు లేరా? నువ్వొచ్చినవ్?"

"బండి నాది," అన్నాను.

ఆయన బండిని లోపలికి తోయించాడు. మర్నాడు ఇంజను విప్పాడు.

నాకు పొద్దుటి డ్యూటీ. మూడింటికి దిగి నేరుగా షాపుకు పోయేదాన్ని. మొదటి వారం స్టూలు మీద కూర్చుని చూశాను. రెండో వారం పానాలు అందించాను. తర్వాత ఒకరోజు ఆయనే పానా నా చేతిలో పెట్టి, "నువ్వే ఇప్పు," అన్నాడు. సిలిండరు పైకి లేపాక నా వేలు పట్టుకుని దాని లోపలి గోడ మీద పైకి జరిపించాడు. నున్నగా పోతున్న వేలు పైఅంచుకు జరంత కింద ఆగింది.

"మెట్టు తాకుతుందా? గదే అరుగుడు. ఇన్నేండ్లు పిస్టను గీడిదాంకనే వచ్చి మర్లిపోయింది. దాని కిందంత తిన్నది, పైన తినలేదు."

పిస్టను కింది రాడ్డును పట్టుకుని పైకీ కిందికీ లాగితే లోపల కొట్టుకుంది. పక్కకు కొంచెం కదిలితే పర్వాలేదట, పైకి కిందికి మాత్రం అసలు కదలకూడదట. ఇవన్నీ ఆయన ఓపిగ్గా చెప్పాడు. మా ఇంట్లో ఎవరూ నాకు ఏదీ అంత ఓపిగ్గా చెప్పలేదు. నేను ఆయన్ను నమ్మింది అందుకే.

సిలిండరును కొత్త పిస్టనుకు సరిపడా తొలిపించడానికి కొత్తూరులోని లేత్ షాపుకు నేనే తీసుకుపోయాను. బియ్యం సంచిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. పసిపిల్లంత బరువుంది. ఎంత సైజు తొలవాలో నాకు తెలుసు, కాగితం మీద కూడా రాసుకుపోయాను. లేత్ అతను ఆ కాగితం చూసి పక్కన పెట్టి, నా ముందే మేస్త్రికి ఫోను చేసి అదే సైజు అడిగాడు. ఫోను పెట్టేశాక నన్ను బయట కూర్చోమన్నాడు.

రింగులు ఎక్కించేటప్పుడు ఒకటి నా చేతిలో విరిగింది. మేస్త్రి తిట్టాడు. "అది గాజు లెక్క. గట్ల గుంజితే పట్కుమంటది." ఇంకో సెట్టు తెప్పించాం. ఈసారి విరగలేదు.

ఆ నెలల్లో నా గోళ్ల కింద నలుపు ఎంత రుద్దినా పోయేది కాదు. డ్యూటీలో సూపర్‌వైజరు నా చేతులు చూసి, ప్రయాణికులు తిరిగే ముందు హాలు నుంచి తీసి, వెనక టాయిలెట్లకు వేసింది. "గిదేం చెయ్యమ్మా, మెకానిక్ చెయ్యి లెక్కున్నది," అంది. ఆ మాట నాకు తిట్టులా అనిపించలేదు.

వానలు తగ్గాక ఇంజను బిగించడం అయిపోయింది. నాలుగో కిక్కుకు అందుకుంది. టకటక లేదు, పొగ లేదు. మేస్త్రి చెయ్యి తుడుచుకుంటూ, "వెయ్యి కిలోమీటర్లు నలభై దాటొద్దు బిడ్డా. పిస్టను కొత్తది, గోడ కొత్తది. ఒకదానికొకటి అలవాటు వడాలె," అన్నాడు.

మూడు వారాలు నలభై దాటకుండా నడిపాను. లారీలు హారన్ కొడుతూ దాటిపోయేవి. మధ్యలో ఆయిలు మార్చడానికని రెండు రోజులు షాపులో వదిలాను. మిగతా రోజుల్లో డ్యూటీకి దాని మీదే పోయాను. పార్కింగులో సెక్యూరిటీ వాళ్లు మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు. ఆ మూడు వారాలు నేను సంతోషంగా ఉన్నాను. అంతకంటే పెద్ద మాట వాడను.

ఒక ఆదివారం తమ్ముడు వచ్చాడు. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏంది అక్కా, గిట్ల తయారుజేసినవ్! ఒక్క దినం ఇయ్యి. బాలాపూర్ల దోస్తు పెండ్లి ఉన్నది."

వాడి సంతోషం నిజమే అనుకున్నాను. ఇప్పటికీ అబద్ధమని చెప్పలేను. తాళం ఇచ్చాను, నలభై దాటొద్దని రెండుసార్లు చెప్పాను.

మర్నాడు రాలేదు. మూడోనాడు ఫోను ఎత్తలేదు. నాలుగోనాడు నేనే వెళ్లాను. వాకిట్లో కారు మాత్రమే ఉంది. అమ్మ నన్ను చూసి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. తమ్ముడు బయటికి వచ్చి, నిలబడే చెప్పాడు.

"అమ్మిన అక్కా. అత్తాపూర్ల ఒకాయన పాత బండ్లు జమ చేస్తడట. వెతుక్కుంట వచ్చిండు."

"నాకిచ్చినవ్ గద?"

"ఇచ్చిన. కాదంటలేను. గని కాయితం నా పేరు మీదున్నది. బాపు పోయినంక నువ్వే సంతకం వెట్టినవ్, యాది లేదా?"

యాదికి వచ్చింది. జిరాక్స్ షాపు కౌంటరు మీద, డ్యూటీకి ఆలస్యమవుతోందని నిలబడే పెట్టిన సంతకం. ఇల్లు వాడి పేరు మీదికి మార్చడానికే అనుకున్నాను. చదవలేదు. స్థిరాస్తులతో పాటు చరాస్తులని కూడా అందులో ఉందని ఇప్పుడు వాడు లోపల్నుంచి కాగితం తెచ్చి చూపించాడు. వేలు పెట్టి మరీ చూపించాడు.

అమ్మ చాయ్ తెచ్చింది. "అమ్మా, నువ్విన్నవ్ గద? తీస్కపో అన్నడు గద?" అని అడిగాను.

ఆమె కప్పు నా చేతికిచ్చింది. "తమ్ముడు నీకు కొత్త స్కూటర్ కొనిస్తనంటుండు బిడ్డా. గేర్లు గూడ ఉండయట. ఇగ లొల్లి ఎందుకు?"

అంటే నేను రాకముందే ఇద్దరూ మాట్లాడుకున్నారు. చాయ్ తాగకుండా లేచాను.

నేరుగా మేస్త్రి దగ్గరికి పోయాను. నా పక్షాన ఒక్కరైనా ఉంటారని. ఆయన కార్బురేటరు కడుగుతున్నాడు. సంగతి చెబితే తలూపాడు.

"గాయన మన షాపుకే వచ్చిండు బిడ్డా. నువ్వు ఆయిలు మార్చమని ఇడిశిపోయిన దినం. బండి చూసి మనసు వడ్డడు. ఓనరెవరని అడిగితే మీ తమ్ముని నంబరిచ్చిన."

"నా నంబరు ఎందుకియ్యలే?"

ఆయన నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నీదేంది? బాపు బండి కొడుకుది గద?"

ఇందులో ఆయన కమీషను తిని ఉంటే నాకు సులువయ్యేది. ఆయనకేమీ ముట్టలేదు. మూడు నెలలు నా చేతికి పానా ఇచ్చి పని నేర్పిన మనిషి, ఒక్కరోజు కూడా ఆ బండి నాదనుకోలేదు. మనసులో ఏ కల్మషమూ లేకుండా అనుకోలేదు. నేను తమ్ముడి కోసం బండి బాగు చేయిస్తున్నానని, పనిలో పనిగా సరదాకు నేర్చుకుంటున్నానని ఆయన లెక్క. ఆ తర్వాత ఆ షాపు గడప తొక్కలేదు.

స్కూటరు వచ్చింది. రెండు వారాలు దాని ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. "సొంత తమ్మునితోని పంచాయితి వెట్టుకుంటవా? వాడేం తక్కువ జేసిండు?" అన్నాడు మా ఆయన. ఇంతలో నాకు తెల్లవారుజాము షిఫ్టు పడింది. ఆ వేళకు బస్సులు ఉండవు. కవరు చించి స్కూటరెక్కాను. తిప్పి పంపేశానని రాసుకుంటే బాగుండేది. నేను అంత మనిషిని కాను.

రెండేళ్లకు, రాష్ట్రం వచ్చిన ఏడు, తమ్ముడికి కొడుకు పుట్టాడు. తొట్టెల ఫంక్షనుకు పోయాను, మేనత్తను కదా. షామియానా కింద వాడి దోస్తులు నలుగురైదుగురు కూర్చున్నారు. పాత బండ్ల మాట వచ్చింది.

"మా బాపు బుల్లెట్టు యాదున్నదా?" అంటున్నాడు తమ్ముడు. "ఇంజనంత ఇప్పి చేయించిన. మూడు నెల్లు మేస్త్రి పక్కన కూసొని, పిస్టను కాడికెల్లి అన్నీ కొత్తయి ఏయించిన. కొన్నాయన చూసి పరేషానైండు."

"మరెందుకమ్మినవ్ రా?" అన్నాడొకడు.

"బాపు యాదికొస్తుండె. చూడలేకపోయిన." నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు.

అమ్మ అటునుంచి నావైపు చూసింది. ఏమీ అనొద్దని కళ్లతోనే సైగ చేసింది. అవసరం లేకపోయింది. నేను అప్పటికే పిల్లవాడికి తెచ్చిన బట్టలు తొట్టెలలో పెట్టి, పళ్లెం తీసుకుని భోజనాల వరుసలో నిలబడ్డాను.