మామ మీద కసితో నేర్చుకున్న ఇంగ్లీషు

నా చిన్నప్పుడు మా బంధువర్గం మొత్తానికి ఇంగ్లీషు వచ్చిన మనిషి మా మామ ఒక్కడే. అమ్మకు అన్న. పులివెందులలో ఒక ఆఫీసులో గుమాస్తా. జమ్మలమడుగులో మా ఇంటికి ఎప్పుడో గానీ వచ్చేవాడు కాదు, వస్తే మాత్రం ఇల్లంతా ఆయనదే. మంచి కంచం ఆయనకు, గాలి తగిలే చోట కుర్చీ ఆయనకు. మా నాయనకు చదువు లేదు కాబట్టి, చదువుకు సంబంధించిన ఏ మాటైనా మామ చెప్పిందే వేదం.

నేను ఐదో తరగతిలో ఉండగా, అది అయ్యాక నన్ను ప్రొద్దుటూరులో ఇంగ్లీషు మీడియం బడిలో వెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. నాయన అలవాటు ప్రకారం మామను అడిగాడు. మామ అన్నం తింటూ నన్ను పిలిచి, ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే ఏమిటో చెప్పమన్నాడు. వాన తెలుసు, పిల్లి తెలుసు, కుక్క తెలుసు. వానలో పిల్లులూ కుక్కలూ తడుస్తున్నాయని చెప్పాను. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని పొలమారేదాకా నవ్వాడు. కుండపోత వాన అని అర్థమట.

“దీని తలకు ఇంగ్లీషు యాడెక్కుతాది బావా. ఈడనే ఏదో ఒక బళ్లో ఉండనీలే” అన్నాడు.

ఆ రోజు నుంచి నా పేరు వదిలేసి ‘పిల్లీకుక్కా’ అని పిలవడం మొదలుపెట్టాడు. అమ్మ బతిమాలితే చివరికి ఒక మాట ఇచ్చాడు. ఎండాకాలంలో ఆయన కొత్తింటి గృహప్రవేశం ఉంది. అప్పుడు ఇంకోసారి అడుగుతాడు. చెప్పలేకపోతే ఆ బడి ఊసు ఇంక ఎవరూ ఎత్తకూడదు. నాయన సరేనన్నాడు.

నిజం చెప్పాలంటే మామ మీద నాకు అంతకుముందే మంట ఉంది. మా అవ్వ, అంటే ఆయన్ను కన్నతల్లి, మా ఇంట్లోనే మంచం పట్టింది. ఒళ్లు తుడవడం, జావ తాగించడం అన్నీ అమ్మే చేసింది. పులివెందుల నుంచి పొద్దున బస్సెక్కితే చూసి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. అన్ని నెలల్లో మామ ఒక్కసారి వచ్చాడు. గడపలో నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూసి, ఆఫీసు పనుందని వెళ్లిపోయాడు. వీధిలో ఎవరి చెప్పుల చప్పుడు విన్నా అవ్వ తల వాకిలి వైపు తిప్పేది. ఆమె పోయిన రోజు మాత్రం వచ్చి, శవం మీద పడి వీధంతా వినపడేలా ఏడ్చాడు. తల్లంటే ఎంత ప్రాణమో అని వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

పక్కింట్లో ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి కోడలిని నేను అక్కా అనేదాన్ని. కడపలో డిగ్రీ చదివింది, భర్త కువైట్‌లో డ్రైవరు. అవ్వ మంచంలో ఉన్నన్నాళ్లూ వచ్చి పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. నేను ఆమె దగ్గరికే పోయి నాకు ఇంగ్లీషు నేర్పమని ఏడ్చాను. మొదట్లో పుస్తకం ముందు పెట్టుకుని బట్టీ కొట్టాను. పొద్దున వచ్చింది సాయంత్రానికి పోయేది. ఒకరోజు అక్క పుస్తకం మూసేసి, మీ మామ మీద నీకు శానా కోపమా అని అడిగింది. శానా అన్నాను.

“అట్లయితే ఆ కోపాన్నే పనికి పెడదాం పా” అంది.

అప్పటి నుంచి ఒక్కో ఇంగ్లీషు మాటకు మామ చేసిన ఒక్కో పని చూపించింది. ‘బ్లోయింగ్ యువర్ ఓన్ ట్రంపెట్’ అంటే తాను లేకపోతే ఆఫీసే నడవదని మామ కొట్టుకునే సొంత డబ్బా. ‘కోల్డ్ షోల్డర్’ అంటే అవ్వ సంగతి చెబుదామని నాయన పులివెందుల పోతే, మామ పేపరులోంచి తల ఎత్తకపోవడం. ఇంక ఒక్కటీ మర్చిపోలేదు. విడివిడిగా చూసినంతకాలం నాకు పిల్లులూ కుక్కలే కనపడ్డాయి. ఎవరు ఏం చేస్తే ఆ మాట అంటారో తెలిశాక అర్థం దానంతటదే వచ్చింది.

గృహప్రవేశానికి బయలుదేరే ముందు అక్క నా జడ అల్లుతూ, అర్థం అడిగితే అర్థం చెప్పొద్దంది. ఈడ చెప్పినట్టే మీ మామను చూపించు, తప్పో ఒప్పో ఆయన్నే చెప్పనీ అంది.

భోజనాలయ్యాక మామ తన ఆఫీసరును కుర్చీలో కూర్చోబెట్టి నన్ను పిలిచాడు. పిల్లీకుక్కల కథ చెప్పి నవ్వించాడు. తర్వాత ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అన్నాడు.

“అవ్వ అన్ని నెలలు మంచంలో ఉంటే చూసేకి నువ్వు ఒక్కసారి వచ్చినావే మామా, అట్లా” అన్నాను.

మామ ముఖంలో నవ్వు పోయింది. ఆఫీసరుకు మాత్రం నా జవాబు నచ్చింది. ఈసారి ఆయనే ‘క్రొకడైల్ టియర్స్’ అంటే ఏమిటని అడిగాడు.

“అవ్వ పోయినబ్బుడు మా మామ ఏడ్చినాడు సార్. అవి.”

ఆఫీసరు మామ వైపు తిరిగి, పాప చెప్పింది కరెక్టేనా అన్నాడు. తప్పంటే అంత ఇంగ్లీషు తెలిసిన ఆఫీసరు ముందు తన పరువు పోతుంది. ఒప్పంటే బంధువుల ముందు పోతుంది. మామ నేల చూస్తూ, కరెక్టే సార్ అన్నాడు. అమ్మ గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను తిట్టలేదు. ఇంటికొస్తూ బస్సులో నాయన ఆమెను ఒక్కటే అడిగాడు, ప్రొద్దుటూరుకు ఎప్పుడు పోదామని.

ఆ ప్రొద్దుటూరులోనే ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మామను క్షమించెయ్యమని చెప్పినవాళ్లు చాలామందే ఉన్నారు. నేను క్షమించలేదు. ఎన్నో ఏళ్లు ఆ జాతీయాలు పాఠం చెప్పాను, చెప్పిన ప్రతిసారీ నేల చూస్తున్న ఆ ముఖం గుర్తొచ్చి హాయిగా ఉండేది.

మామ ఇప్పుడు ఈ ఊళ్లోనే కొడుకు దగ్గర ఉన్నాడు. పోయిన నెల ఆయన మనవరాలిని నా దగ్గర ట్యూషన్‌లో చేర్చారు. దీని తలకు ఇంగ్లీషు ఎక్కదని ముసలాయన ఇంట్లో రోజూ అంటున్నాడట. పిల్ల పుస్తకం తీయబోతే వద్దన్నాను. అక్క నన్ను అడిగినట్టే, నీకు ఎవరి మీద కోపమని అడిగాను. అది వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“మా తాత మింద టీచర్. శానా.”

కుర్చీ దగ్గరికి లాక్కోమన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో నాకు బాగా తెలుసు.