సాయమ్మ చెప్పిన సీరియల్

సకల జనుల సమ్మె నడిచిన ఆ రోజుల్లో చీకటి పడగానే గచ్చిబౌలి రెండు ఊళ్ళయ్యేది. రోడ్డుకు అవతల జనరేటర్ల మీద వెలిగే అద్దాల మేడలు. ఇవతల, ఆ మేడలు కట్టడానికి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళ రేకుల ఇళ్ళు. గనుల్లో బొగ్గు తవ్వడం ఆగిపోయి కరెంటు కరువైంది. సరిగ్గా టీవీలో సీరియల్ మొదలయ్యే వేళకు బస్తీలో దీపాలు పోయేవి. మేడల వెలుతురు రోడ్డు దాటి వచ్చి, మొదటి వరస గడపల దగ్గర అలసిపోయి ఆగేది.

ఆ చీకట్లోకి సీరియల్‌ను మోసుకొచ్చేది సాయమ్మ.

పెళ్ళయిన కొత్తలో మెదక్ జిల్లా నుంచి వచ్చి, నడుము పట్టేసేదాకా ఇటుకలు మోసిన మనిషి ఆమె. ఇప్పుడు రోడ్డుకు అవతల ఒక అపార్టుమెంటులో, రత్నమాల అనే ఆవిడ ఇంట్లో రాత్రి వంట చేస్తుంది. రత్నమాలది భీమవరం. ఆ ఇంట్లో కరెంటు పోదు. సీరియల్ వేళకు పిండీ పీటా హాల్లోకే తెచ్చుకొమ్మని ఆవిడే చెప్పింది. ఒకరు సోఫాలో, ఒకరు కింద, ఇద్దరూ ఒకే కథకు కళ్ళు తుడుచుకునేవారు. ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రం రత్నమాల వార్తల చానల్‌కు మార్చేది. ఊరేగింపులు, నినాదాలు, రేపు ఏమేమి బంద్ అని తెర అడుగున పరిగెత్తే అక్షరాలు. ఒకరోజు ఆవిడ నవ్వుతూనే అడిగింది.

"మీ రాష్ట్రం మీకొచ్చేస్తే మమ్మల్ని పంపించేస్తారేంటి సాయమ్మా?"

"మీరు పోతే నాకు సీరియల్ ఎవరు జూపెడ్తరమ్మా," అంది సాయమ్మ, చపాతీ ఒత్తుతూ.

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు త్వరగానే అయిపోయింది.

పని ముగించుకుని వచ్చేసరికి చంద్రమ్మ గదిలో ఆడవాళ్ళు గుమిగూడి ఉండేవారు. ఆ వరసకంతటికీ టీవీ ఉన్నది అక్కడే. ఆఫీసు క్యాబ్ నడపడం మొదలుపెట్టిన ఏడాది చంద్రమ్మ కొడుకు ఓంకార్ కొన్నది. నల్లగా ఊరకున్న టీవీకి ఎదురుగా కూర్చుని, వాళ్ళు సాయమ్మ నోట్లో సీరియల్ చూసేవారు. ముందు అత్త కట్టిన చీర చెప్పేది. తర్వాత వెనక మోగిన సంగీతం. ఆ తర్వాతే మాటలు. అత్తకు ముక్కులోంచి వచ్చే గొంతు, కోడలికి నూతిలోంచి వచ్చే గొంతు. జన్మలో ఎప్పుడూ ఇంతమంది తన కోసం ఎదురు చూడలేదు. గడపలో ఆమె చెప్పుల చప్పుడు కాగానే లోపల మాటలు ఆగిపోయేవి. ఆ మౌనాన్ని ఆమె కొత్త చీరలా ఒంటికి చుట్టుకునేది.

ఓంకార్ అప్పుడు ఇక్కడ లేడు. సమ్మె మొదలవగానే సిద్దిపేట దగ్గర మేనమామ మొగిలి ఊరికి వెళ్ళి, రాస్తారోకోల్లో తిరిగాడు. దసరా ముందు ఒక తోపులాటలో కిందపడి తలకు దెబ్బ తగిలింది. సిద్దిపేట దవాఖానలో చేర్చారు. బస్సులు లేవు. జీపులు ఏ ఊరి దగ్గర ఆగిపోతాయో తెలియదు. చంద్రమ్మకు భర్త లేడు, సెల్లు లేదు. ఆమె తమ్ముడు మొగిలి, రోడ్డుకు అవతల గేటు కాపలా కాసే సాయమ్మ భర్త యాదయ్య సెల్లుకు ఫోన్ చేసేవాడు. పనికి వెళ్తూ సాయమ్మ గేటు దగ్గర ఆగి విని, వచ్చాక చంద్రమ్మకు చెప్పేది. కళ్ళు తెరిచాడట. మామను గుర్తుపట్టాడట. జావ తాగుతున్నాడట. రోడ్లు బాగా లేవు, ఇప్పుడే రావద్దన్నాడట. ఇందులో ఒక్క మాటా ఆమె కల్పించలేదు.

ఆ రోజుల్లోనే సీరియల్లో కథానాయిక తమ్ముడికి స్కూటర్ ప్రమాదం జరిగింది. తలకు కట్టు, ఆస్పత్రి మంచం. ఆ భాగాన్ని చంద్రమ్మ మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. కొన్నాళ్ళకు ఆ పిల్లవాడు చనిపోయాడు. రత్నమాల సోఫాలో వెక్కి వెక్కి ఏడ్చింది. సాయమ్మ ఏడవలేదు. చేతిలో పిండి ముద్ద ఆరిపోతుండగా, కిటికీలోంచి రోడ్డుకు ఇవతలి చీకటిని చూస్తూ కూర్చుంది.

ఆ రాత్రి ఆమె చెప్పిన సీరియల్లో పిల్లవాడు వేలు కదిపాడు.

"కదిపిండా?" అంది చంద్రమ్మ. ఆమె ముఖం కనబడలేదు. గొంతు మాత్రం వెలిగింది.

మర్నాడు వాడు కళ్ళు తెరిచాడు. ఆ తర్వాత అక్క చేత్తో అన్నం తిన్నాడు. చనిపోయినవాడికి రోజుకో పని కల్పించడం సాయమ్మకు మొదట భయంగా ఉండేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత ఇష్టమైంది. చపాతీలు ఒత్తుతూ ఒక కథ చూసేది, రోడ్డు దాటుతూ మరో కథ అల్లేది. వాడికి ఒక పిల్లను కూడా చూసి, పెళ్ళి దాకా తెచ్చింది. సీరియల్‌ను పగలు మళ్ళీ వేసేవారు కాని, ఆ వేళకు బస్తీ ఆడవాళ్ళంతా ఆఫీసుల్లో నేలలు తుడుస్తూ ఉండేవారు.

అక్టోబరు చివర్లో సమ్మె సడలింది. బస్సులు కదిలాయి. నగరం జ్వరం తగ్గిన మనిషిలా లేచి కూర్చుంది. మిర్చి బజ్జీల బండి మళ్ళీ వీధి మూలకు వచ్చింది. రీచార్జి దుకాణంలో పాటలు మొదలయ్యాయి. సెలవు దొరకగానే సిద్దిపేట పోతానని చంద్రమ్మ అందరికీ చెప్పుకుంది. ఇక కరెంటు కోతలు కూడా ఉండవన్నారు. అందరూ సంతోషించారు. సాయమ్మ ఒక్కతే కరెంటు తీగల వైపు దిగులుగా చూసింది.

తాను మార్చి చెబుతున్న సంగతి సాయమ్మ బయటపెడితే రత్నమాల, "ముందే చెప్పేయ్ సాయమ్మా. చూసి తెలుసుకుంటే ఇంకా కష్టం," అంది. చెప్పేద్దామనే ఆ రోజు ఆమె వంట త్వరగా ముగించి బయల్దేరింది. రోడ్డు దాటుతూ బస్తీ వైపు చూసింది. దీపాలు పోలేదు.

గదిలో టీవీ నడుస్తోంది. తెర మీద ఒక గోడ, గోడకు పిల్లవాడి ఫోటో, దానికి దండ.

పక్కింటి చెన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. "ఏం సాయమ్మ, నువ్వు పెండ్లికొడుకును జేస్తివి. వీళ్ళేమో దండేసిండ్రు గదనే."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. చంద్రమ్మ నవ్వలేదు. లేచి టీవీ కట్టేసింది. నవ్వినవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్ళిపోయారు.

"మా ఓంకార్ సంగతి గూడ గిట్లనే జెప్పినవా?"

సాయమ్మ ఈ ప్రశ్నను ఊహించలేదు. తిడుతుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. మొగిలి చెప్పిందే చెప్పానని, పిల్లల మీద ఒట్టని బతిమాలింది. చంద్రమ్మ ఆమె పెదవుల వైపే చూస్తోంది. ఇన్నాళ్ళూ చీకట్లో విన్న నోరు వెలుతురులో ఎలా ఉంటుందో చూస్తున్నట్టు చూస్తోంది.

ఇద్దరూ యాదయ్య కాపలా కాసే గేటు దాకా నడిచి, మొగిలికి ఫోన్ చేశారు. స్విచాఫ్.

"పొద్దుగాల మల్ల జేద్దమక్కా. నీ తమ్మునినే అడుగు."

"వాడు జెప్తె మాత్రం? మీరు మీరు మాట్లాడుకున్నరేమో. నా కండ్లతోని జూస్త."

తెల్లవారి చంద్రమ్మ జూబ్లీ బస్టాండుకు బయల్దేరింది. సాయమ్మ రానా అని అడగలేదు, వెంట వెళ్ళింది. సిద్దిపేట బస్సులో చంద్రమ్మ కిటికీ దగ్గర కూర్చుని, పక్క సీట్లో సంచి పెట్టుకుంది. సాయమ్మ వెనక సీట్లో కూర్చుంది. దారి పొడవునా టైర్లు కాల్చిన నల్లటి మచ్చలు. సాయమ్మ మనసులో మొగిలి మాటలను ఒక్కొక్కటే ఏరి చూసుకుంది. జావ సంగతి మొగిలి చెప్పిందేనా? గుర్తుపట్టాడన్నది? అల్లి అల్లి ఉన్న దారాల్లో తనదేదో మొగిలిదేదో ఆమెకే అనుమానం వచ్చింది.

దవాఖానలో ఓంకార్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. గిన్నెలో జావ ఉంది. అమ్మను చూసి నవ్వాడు. సాయమ్మ తలుపు పట్టుకుని నిలబడింది. చంద్రమ్మ వెళ్ళి కొడుకు రెండు చేతులూ పట్టుకుంది. ఎడమ చెయ్యి ఆమె చేతిని గట్టిగా బిగించింది. కుడి చెయ్యి, స్టీరింగు తిప్పిన చెయ్యి, ఆమె అరచేతిలో ఊరకే పడి ఉంది. ఆమె దాన్ని ఎత్తి చూసింది. వదిలితే పడిపోయింది.

మొగిలి నేల చూపులు చూశాడు. "దూరాన ఉంటివి, పరేషానైతవని జెప్పలేదక్కా. కసరత్తు జేపిస్తె వస్తదన్నరు డాక్టర్లు."

చంద్రమ్మ తలుపు దగ్గరి సాయమ్మ వైపు తిరిగింది.

"నీకు గూడ ఎర్కేనా?"

"ఎర్క లేదక్కా. ఒట్టు."

నిజమే చెప్పింది. కాని ఆ గొంతు, రోజూ రాత్రి సీరియల్ చెప్పిన గొంతే. ఆమెకు ఉన్నది ఆ ఒక్క గొంతే. చంద్రమ్మ నమ్మిందో లేదో తెలియలేదు. మంచం పక్కనున్న ఖాళీ సీసా తీసి ఆమె వైపు చాచి, నీళ్ళు పట్టుకు రమ్మంది. సాయమ్మ సీసా అందుకుని, వరండాలో నల్లా ఎక్కడుందో వెతుక్కుంటూ నడిచింది.