మా మేనత్తకు లొంగని తెల్ల బోర్డు

మొన్న చంద్రపూర్ బాబుపేట్‌లో బ్యాంకుకు పోతే కాగితం మీద కాకుండా ఒక చిన్న అద్దం పలక మీద సంతకం పెట్టమన్నారు. చేతికి ప్లాస్టిక్ కలం ఇచ్చారు. నేను ఒక చోట గీస్తే గీత ఇంకో చోట పడింది. మళ్లీ గీశాను, మళ్లీ అంతే. కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి మరాఠీలో, ఎంతో మర్యాదగా, "ఆంటీ, మీరు సరిగ్గా నొక్కడం లేదు, చెయ్యి గట్టిగా ఆనించండి" అంది. నాకు కోపం రావాల్సింది పోయి నవ్వొచ్చింది. ఆ పిల్ల కంగారుపడి తానేమన్నా తప్పుగా అన్నదేమోనని నా మొహం చూసింది. ఏం చెప్పను ఆమెకు? సరిగ్గా ఈ మాటనే, ఇంతే మర్యాదగా, మా మేనత్తకు ఒక వానాకాలమంతా చెప్పారు.

మా నాన్నకు అక్క ఆవిడ. రాజురా అవతల మహారాష్ట్ర సరిహద్దు పల్లెలో పుట్టింది. ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ. తెలుగు గలగలా మాట్లాడేది గానీ చదవడం మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుని, అన్నంలో రాళ్లు ఏరినట్టు చదివేది. లెక్కలు మాత్రం ఏ భాషలో ఇచ్చినా ఒక్కటే ఆమెకు. చంద్రపూర్ ఊరి చివర బొగ్గు గని కాలనీలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూలు ఉంటే, అందులో ఇరవై ఏళ్లకు పైగా పదో తరగతికి జామెట్రీ చెప్పింది. నా పెళ్లయి నేను ఆదిలాబాద్ నుంచి ఇక్కడికి వచ్చాక నన్నూ అదే స్కూల్లో భూగోళం టీచరుగా పెట్టించింది. స్కూల్లో నేను ఆమెను "మేడం" అనేదాన్ని, టిఫిన్ డబ్బా తెరిచాక "అత్తమ్మా" అనేదాన్ని. ఆమెకు నేను రెండు చోట్లా "బిడ్డా"నే. క్లాసులో ఇంగ్లీషు, హిందీ, మరాఠీ మూడూ కలిపి పాఠం చెప్పేది గానీ కోపమొస్తే మాత్రం తెలుగే. అందువల్ల మా స్కూల్లో చదివిన మరాఠీ పిల్లలకు తెలుగులో నమస్కారం పెట్టడం రాకపోయినా, "నీ తల్కాయల ఏమున్నదిరా, ఊకనా?" అనడం మాత్రం చక్కగా వచ్చేది. సుద్దముక్క పట్టుకుని, భుజం నుంచి చెయ్యి ఒక్కసారి తిప్పిందంటే నల్లబోర్డు మీద గుండ్రటి వృత్తం పడేది. ఒక పిల్లవాడు పెద్ద కంపాస్ పెట్టి చూసి, ఎక్కడా తేడా లేదని క్లాసంతటికీ ప్రకటించాడట.

దేశంలోకి కొత్త సామాన్లు ఒకటే దిగుతున్న రోజులవి. కాలనీలో ప్రతి చేతిలోకీ సెల్‌ఫోన్ వచ్చింది, కిరాణా కొట్లో ఎన్నడూ పేరు వినని బిస్కెట్లు వచ్చాయి. ఆ ఊపులోనే మా స్కూలుకు ఒక తెల్లబోర్డు వచ్చింది. అది ఉత్త తెల్లబోర్డు కాదు. పైకప్పుకు వేలాడే ప్రొజెక్టర్ నుంచి దాని మీద కంప్యూటర్ బొమ్మ పడుతుంది. బోర్డు మీద ప్లాస్టిక్ కలంతోగానీ వేలితోగానీ గీస్తే, సిరా లేకుండానే ఆ గీత బొమ్మలో కనిపిస్తుంది. దాన్ని పెట్టిన గదికి చల్లగాలి మిషన్ కూడా బిగించారు. చంద్రపూర్ ఎండల సంగతి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అప్పటిదాకా కంప్యూటర్ మొహం చూడని సంస్కృతం పండిట్‌గారితో సహా స్టాఫ్ అందరికీ ఒక్కసారిగా కొత్త విద్య మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

గది బయట చెప్పులు విడవాలి. మొదటి రోజు ప్రిన్సిపాల్‌గారు కొబ్బరికాయ కొట్టి, బోర్డు మూలకు కుంకుమ బొట్టు పెట్టారు. ఆ వేలిని బోర్డు హుకుం అనుకుంది కాబోలు, తెర మీదున్న స్వాగతం బొమ్మ చటుక్కున మూసుకుపోయింది. ప్రిన్సిపాల్‌గారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నారు వాళ్లు.

రోజుకు ఆరు పీరియడ్లు ఆ గదిలో జరిగేవి. నాకు పొద్దున మూడోది. నదులు, కొండలు బోర్డు మీద పెట్టి, వార్ధా నది మీద వేలితో నీలి గీత గీస్తే అది నది మీదనే పడేది. ఎంత సంబరమో! మేనత్త పీరియడ్ మాత్రం తిండి గంట కాగానే, మధ్యాహ్నం రెండింటికి. మొదటి రోజే త్రిభుజం గీసి, దాని చుట్టూ వృత్తం తిప్పబోతే, వృత్తం త్రిభుజాన్ని వదిలేసి పక్కకు జరిగి పడింది. "మేడం, మీ వృత్తం పక్కింటికి పోయింది" అన్నాడో పిల్లవాడు హిందీలో. అందరికంటే ముందు మేనత్తే నవ్వింది. రెండో రోజూ అంతే. వారం గడిచేసరికి ఆమె నవ్వడం మానేసింది, పిల్లలు మాత్రం మానలేదు.

కంప్యూటర్ సారు కుర్రవాడు, మంచివాడు. వచ్చి చూశాడు. "మేడం, చెయ్యి వణకకుండా నొక్కండి" అన్నాడు. బోర్డు అమ్మిన కంపెనీ ఇంజినీరు నాగపూర్ నుంచి ఒక ఉదయం వచ్చి, తాను గీసి చూసి, గీత చక్కగా పడేసరికి ఫిర్యాదుల పుస్తకంలో "బోర్డులో లోపం లేదు. వాడేవారు సరిగ్గా నొక్కడం లేదు" అని ఇంగ్లీషులో రాసి, సంతకం పెట్టి, చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఆ వాక్యాన్ని స్టాఫ్‌లో అందరూ చదివారు.

ఆ రోజుల్లో వాళ్లింటికి పోతే మేనత్త వంటింట్లో గోడ మీద గరిటె వెనక్కి తిప్పి పట్టుకుని వృత్తాలు గీస్తూ కనిపించేది. గనిలో పనిచేసే మామయ్య ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, "గోడకు గూడ పాఠం చెప్తున్నదే మీ అత్త" అన్నాడు. ఆమె తిరిగి చూడలేదు. "నా చెయ్యి మంచిగనే ఉన్నది కదనే బిడ్డా?" అని నన్నడిగింది. గరిటె పట్టిన ఆ చెయ్యి రవ్వంత కూడా వణకడం లేదు.

ఇంతలో ప్రిన్సిపాల్‌గారు ఆమెను పిలిపించారు. మనిషి మంచివారే. దీపావళి సెలవుల తర్వాత పదో తరగతి జామెట్రీని కొత్తగా వచ్చిన లెక్కల సారుకు ఇచ్చి, మేడంకు ఆరు, ఏడు తరగతులు ఇద్దామనుకుంటున్నాం, రిటైర్ అయ్యేలోపు కాస్త విశ్రాంతిగా ఉంటుంది అన్నారట. రిటైర్‌మెంటు ఇంకా రెండేళ్లుంది. మేనత్త స్టాఫ్ రూముకు వచ్చి టిఫిన్ డబ్బా తెరిచి, పచ్చిపులుసు అన్నం ముద్ద కలుపుతూ, "నాకు రెస్టు ఇస్తరట" అంది. ఆ ముద్దను చాలాసేపు కలుపుతూనే ఉంది, తినలేదు. నేను మామిడికాయ తొక్కు సీసా ఆమె వైపు జరిపాను.

శ్రావణంలో ఒకసారి మూడు రోజులు విడవకుండా వాన కొట్టింది. మూడో రోజు మధ్యాహ్నం పీరియడ్ అయ్యాక మేనత్త నా క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఎన్నడూ అట్లా వచ్చేది కాదు. కళ్లు మెరుస్తున్నాయి. "పడ్డదే! నిన్న పడ్డది, ఇయ్యాల గూడ పడ్డది! వృత్తం సక్కగ త్రిభుజం చుట్టే పడ్డది!" అంది. నా పిల్లలు పుస్తకాలు మూసి ఆమెనే చూస్తున్నారు. మర్నాడు వాన ఆగింది. ఆ రోజుతో కలిపి మూడు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాతి రోజు వృత్తం మళ్లీ పక్కింటికి పోయింది.

"ఏదో అదృష్టం కొద్దీ పడి ఉంటుంది అత్తమ్మా" అన్నాను.

"లెక్కలల్ల అదృష్టం ఉండదు బిడ్డా" అంది. "ఏదో ఒకటి మారింది. ఏంది మారిందో సూడాలె."

పాత పరీక్ష కాగితం వెనక్కి తిప్పి నిలువుగా గీత గీసింది. ఒక పక్క బాగా పడ్డ రోజులు, ఇంకో పక్క పడని రోజులు. ఏ చీర కట్టింది, ఏ కలం వాడింది, కరెంటు ఎట్లా ఉంది, చేతికి నూనె ఉందా, అన్నీ రాసింది. గాజులు తీసేసి ఒక రోజు, వేసుకుని ఒక రోజు గీసి చూసింది. కుడి చేత్తో, ఎడమ చేత్తో కూడా. కాగితం నిండింది గానీ జవాబు రాలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా కాలనీ పక్కనే, పైనుంచి తవ్వుకుంటూ పోయే ఓపెన్‌కాస్ట్ గని. బొగ్గు మీది బండను పగలగొట్టడానికి రోజూ మధ్యాహ్నం, మా తిండి గంటలో, మందు పెట్టి పేల్చేవాళ్లు. ముందు సైరన్, తర్వాత కాళ్ల కింద నేల ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు అదురు. కొత్తగా వచ్చినవాళ్లు లేచి బయటికి పరుగెత్తేవాళ్లు. మేము తలెత్తే వాళ్లం కూడా కాదు. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు వినడం మానేసి మాకు చాలా ఏళ్లయింది.

ఒక రోజు స్టాఫ్ రూములో తింటూ ఉన్నాం. సైరన్ మోగింది, నేల అదిరింది, మూలనున్న మంచినీళ్ల రంజన్ మూత మీద బోర్లించిన స్టీలు గ్లాసు గలగలమని కదిలి అంచుకు వచ్చింది. నేను అలవాటుగా చెయ్యి చాపి పడిపోకుండా పట్టుకున్నాను. మేనత్త నోటి దగ్గరి ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఆ వాన దినాలల్ల ఈ గ్లాసు మోగలే" అంది మెల్లగా.

నాకు అర్థం కాలేదు.

"గనిల నీళ్లు నిండినయని అయిదు దినాలు బ్లాస్టింగ్ బంద్ పెట్టిన్రు. మీ మామయ్య చెప్పిండు. ఆ అయిదు దినాలే నా గీత సక్కగ పడ్డది!" అంటూ, కడగని చేత్తోనే లేచి, చెప్పులు కూడా మరిచిపోయి, వరండాలో బోర్డు గది వైపు నడుస్తూ పోయింది. నడక అని రాశాను గానీ, యాభై ఆరేళ్ల మనిషి చేయగలిగిన పరుగే అది.

మర్నాడు పేలుడుకు ముందే ఆ గదిలోకి పోయి, ప్రొజెక్టర్ వెలుగు బోర్డు మీద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో నాలుగు మూలలా సన్నగా పెన్సిల్ గుర్తులు పెట్టింది. పేలుడు అయ్యాక చూస్తే వెలుగు ఆ గుర్తుల మీద లేదు. రెండు వేళ్ల మందం పక్కకు జరిగింది. ప్రొజెక్టర్ వేలాడే కడ్డీ అదురుకు ఒక రోజు ఇటు, ఒక రోజు అటు ఇంత కదులుతోంది. కంప్యూటర్ సారు రోజూ పొద్దున బోర్డు తెరవగానే, నేర్పించారు కాబట్టి, తెర మీద వచ్చే తొమ్మిది గుర్తులను వేలితో ఒత్తేవాడు. దాంతో బోర్డుకు వెలుగు ఎక్కడుందో మళ్లీ తెలిసేది. పొద్దుటి పీరియడ్లవాళ్లం మేమందరం ఆ పుణ్యం మీదనే నడిచాం. మధ్యాహ్నం అదిరాక వచ్చే మొదటి పీరియడ్ ఆమెది. తర్వాత రెండు పీరియడ్లూ సినిమా చూపించినట్టు బొమ్మలు చూపించేవాళ్లే, గీసేవాళ్లు కాదు.

మేనత్త ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి పోయి, "సర్, రేపు పావు తక్కువ రెండుకు పది నిమిషాలు ఆ గదిలో నిలబడండి చాలు" అంది. ఆయన వచ్చారు. కంప్యూటర్ సారు వచ్చాడు. నేనూ పోయాను. ప్రిన్సిపాల్‌గారు ఫోన్ చేసి పిలిపించిన నాగపూర్ ఇంజినీరు కూడా ఉన్నాడు. అందరం ఖాళీ బోర్డు మీద ఆమె అప్పుడే కొత్తగా పెట్టిన నాలుగు పెన్సిల్ గుర్తులను చూస్తూ నిలబడ్డాం. పావు తక్కువ రెండయింది. ఏమీ లేదు. రెండయింది. ప్రిన్సిపాల్‌గారు గడియారం చూసుకున్నారు. ఇంజినీరు ఆవలించాడు. ఇరవై ఏళ్లుగా ఒక్కరోజూ ఆలస్యం చేయని గని ఆ రోజే ఆలస్యం చేయాలా అని కిటికీలోంచి గని వైపు చూశాను. మేనత్త మాత్రం పెళ్లివారి కోసం ఎదురుచూసే మనిషిలా కొంగు భుజం మీదికి లాక్కుని నిశ్చింతగా నిలబడింది. అప్పుడు సైరన్ మోగింది. నేల అదిరింది. పైకప్పు నుంచి కొంచెం సున్నం రాలింది. వెలుగు, అందరి కళ్ల ముందు, గుర్తుల మీద నుంచి రెండు వేళ్లు పక్కకు తప్పుకుంది.

"ఆతా బఘా" అంది మేనత్త మరాఠీలో. ఇప్పుడు చూడండి అని.

ప్రిన్సిపాల్‌గారు ఆమెకు రెండు చేతులూ జోడించారు. కంప్యూటర్ సారు, "మేడం, రోజూ నేనే ఒత్తుతున్నాను, నాకే తట్టలేదు" అని తల గోక్కున్నాడు. ఇంజినీరు నిచ్చెన ఎక్కి, కడ్డీని చూసి, రెండు ఇనుప పట్టీలు వేసి రబ్బరు పెట్టి బిగించాలన్నాడు. అతను దిగేసరికి మేనత్త ఫిర్యాదుల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంది. అతని పాత వాక్యం ఉన్న పేజీ తెరిచి, "దాని కిందనే ఇది గూడ రాయి బాబూ" అంది తెలుగులోనే. ఆ అబ్బాయికి తెలుగు రాదు, కానీ అర్థమైంది. రాశాడు. రాస్తుంటే ఆమె కళ్లజోడు సవరించుకుని, ప్రతి మాటా చదివి, స్పెల్లింగ్ తప్పు ఒకటి దిద్దించింది.

పదో తరగతి ఆమెకే ఉండిపోయింది. పట్టీలు వచ్చి బిగించేదాకా, తొమ్మిది గుర్తులూ తానే ఒత్తుకునేది. పేరంటంలో వరసగా బొట్లు పెట్టినట్టు టకటకా పెట్టేసేది. స్కూల్లో ఆ పనికి "బొట్లు పెట్టుడు" అనే పేరు పడింది. బోర్డు మొరాయించినప్పుడల్లా కొత్త లెక్కల సారు కూడా గుమ్మంలోకి వచ్చి, "మేడం, జరా బొట్లు పెట్టండి" అని బతిమాలేవాడు. తల్లిదండ్రులకు క్లాసు చూపించే రోజున ఆ గదిలో కూర్చోడానికి చోటు లేక కిటికీల దగ్గర నిలబడ్డారు. మేనత్త ప్లాస్టిక్ కలం కూడా పక్కన పెట్టి, వేలితోనే, భుజం నుంచి చెయ్యి ఒక్కసారి తిప్పింది. వెనక వరసలో మామయ్య అందరికంటే ముందు చప్పట్లు కొట్టి, పాఠం మధ్యలో అట్లా కొట్టకూడదని ఆమె కళ్లతోనే మందలిస్తే చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

రెండేళ్ల తర్వాత ఆమె రిటైర్ అయింది. మరికొన్నేళ్లకు ఆ బోర్డును కూడా తీసేసి, గోడకు పెద్ద టీవీ లాంటిది పెట్టారు. అప్పట్లో మాకందరికీ ఆ బోర్డు రేపటి మనిషిలా, మా మేనత్త నిన్నటి మనిషిలా కనిపించేవాళ్లు. ఇన్నేళ్ల దూరం నుంచి తిరిగి చూస్తే, ఇద్దరూ ఒకే ఈడు వాళ్లలా పక్కపక్కన నిలబడి ఉన్నారు.