ఏమీ వద్దన్న కుందేలు

మా మనవరాలు జపాన్ బొమ్మల సీరియల్ ఒకటి చూస్తుంటుంది. అందులో ముద్దుగా ఉండే చిన్న జంతువు ఒకటి ఆడపిల్లల దగ్గరికి వచ్చి నీకేం కావాలని అడుగుతుంది, ఇస్తానంటుంది, ఒప్పందం చేసుకోమంటుంది. "అమ్మమ్మా, విలన్ అదే తెలుసా!" అని మొన్న నా ముఖంలోకి చూసింది, నేను నోరు తెరుస్తానని. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. అలాంటిదాన్ని నేను ఏడో తరగతిలోనే చూశాను. దాని కాగితం మీద సంతకం కూడా పెట్టాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, సగం దాని మీద, సగం నా మీద.

మాది టేకుమట్ల దగ్గర చిన్న ఊరు. బడి ఏడో తరగతి వరకే. ఎనిమిది చదవాలంటే దూరం పోయి హాస్టల్లో ఉండాలి. బాపు, అంటే మా నాన్న, ససేమిరా అన్నాడు. అరవై తొమ్మిది ఉద్యమంలో బళ్ళు మూతపడి మా అన్న పదో తరగతి ఆగిపోయింది. మళ్ళీ తెరిచేసరికి అన్న నాగలి పట్టాడు, ఇక వదల్లేదు. అప్పటినుంచి చదువు పేరెత్తితే బాపుది ఒకటే మాట: "వానికే అక్కెరకు రాలె, నీకెందుకే?" పదేళ్ళు గడిచినా ఆ మాట మారలేదు. నా పట్టుదలా తక్కువది కాదు. ఎట్లాగైనా ఎనిమిది చదివి తీరాలనుకున్నాను.

మిరపకాయలు ఏరే రోజుల్లో ఒక జీపు వచ్చి బడి ముందు ఆగింది. ఇస్త్రీ చొక్కా మనిషి దిగి, పెట్టెలోంచి తెల్ల కుందేలు బొమ్మను తీసి మోకాలి మీద కూర్చోబెట్టుకున్నాడు. గుండ్రటి కళ్ళు, మెడకు ఎర్ర రిబ్బను, ఒక చెవి కొంచెం వాలి ఉంది. అదే కుందేలు జీపు తలుపు మీద, ఆయన సంచి మీద, తెచ్చిన కాగితాల మీద కూడా ఉంది. ఆయన పెదవులు కదలలేదు. కుందేలు నోరు తెరిచింది.

"చిట్టి తల్లులూ, బాగున్నారా? అన్నం తిన్నారా?"

అది రేడియోలో వినే తెలుగు. సినిమాల్లో మంచివాళ్ళు మాట్లాడే తెలుగు. మా మాటను ఆ సినిమాల్లో నవ్వించడానికే వాడుకునేవాళ్ళు. అంత గొప్ప భాషలో ఒక కుందేలు మమ్మల్ని తల్లీ అని పిలిస్తే మేము కరిగిపోయాం.

అది ఆడపిల్లలను ఒక్కొక్కరినే దగ్గరికి పిలిచి, ఒక్క కోరిక చెప్పమంది. నేను ఎనిమిదో తరగతి అన్నాను. "ఓస్, అంతేనా? ఇచ్చేశాను!" అంది. పట్నంలో వాళ్ళ శిక్షణ కేంద్రం ఉందట. చదువు, కుట్టుపని, కొత్త బట్టలు, మూడు పూటలా అన్నం. "దంతాలపల్లి, మహబూబాబాద్ వైపు పిల్లలు అప్పుడే వెళ్ళిపోయారు, ఎంత సంతోషంగా ఉన్నారో!" అని చెవులు ఊపింది. మా పంతులు కూడా పక్కన నిలబడి నవ్వుతూ చూశాడు.

నా పక్కన, జీపును చూసి వచ్చిన నా జోడు, అంటే నా నేస్తం, ఉంది. మా చేనులో పనికి వచ్చే తండా ఆవిడ కూతురు, నా ఈడుదే. రెండో తరగతితో బడి మానేసింది. ఇంట్లో వాళ్ళది లంబాడీ మాట. మా ఊరి తెలుగే దానికి తడబాటు, కుందేలు తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాళ్ళ మాట నేను చేనులోనే నేర్చుకున్నాను కాబట్టి కుందేలు చెప్పిందంతా నేనే విప్పి చెప్పాను. కొంచెం నా సొంతం కూడా కలిపాను. దానికి చదవడం రాయడం రావాలని ఉంది. ఆ కోరికను కుందేలుకు తెలుగులో అందించాను. "ఇచ్చేశాను!" అంది కుందేలు. నా సంతకం పెట్టాక, దాని బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది కూడా నేనే. సాయంత్రం వాళ్ళ యాడి, అంటే అమ్మ, నా ముఖం చూసి తనూ వేలిముద్ర వేసింది. ఎల్లుండి పొద్దున జీపు మళ్ళీ వస్తుందని, మా బాపును అప్పుడు తానే ఒప్పిస్తానని ఆ మనిషి చెప్పి, నా కాగితం నకలు నా చేతిలో పెట్టి వెళ్ళాడు.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, ఒక అలవాటు ఉంది. చదువు రాదు కానీ ఇంట్లోకి అక్షరాలున్న ఏ కాగితం వచ్చినా మొదటినుంచి చివరిదాకా చదివించుకుని వినేది. సబ్బు మీది కాగితమైనా సరే. ఆ కాగితం కూడా చదవమంది. పైన నాలుగు వరుసలు గర్వంగా చదివాను. అడుగున సన్నటి అక్షరాలు కూడబలుక్కుని చదివాను. మూడేళ్ళ వరకు పిల్లను ఇంటికి పంపరు. కేంద్రం చూపిన చోట, చూపిన పని చేయాలి. చోటు మార్చినా ఇంటివాళ్ళు అడగరాదు. చదువు మాత్రం "వీలును బట్టి" అని ఉంది.

"ఇది ఎవలు జెప్పిండ్రు నీకు?" అంది అవ్వ.

"కుందేలు."

"మనిషి నోరు మెదిపిండా?"

"లే. అయినా అది బొమ్మనే అవ్వా, ఆయననే మాట్లాడిస్తడు."

అవ్వ ఆ మాట చెవిన పెట్టలేదు. మా ఊళ్ళో శిగం ఊగేవాళ్ళు ఉన్నారు. దేవత పూని, మనిషి నోట వేరే గొంతు పలకడం అవ్వ పుట్టినప్పటినుంచి చూస్తోంది. కాబట్టి బొమ్మలోంచి గొంతు వచ్చిందంటే దాంట్లోకి ఏదో వచ్చిందనే ఆమె లెక్క. నాకు పిచ్చి కోపం వచ్చింది. ఇక్కడ బతుకు పోతుంటే ఈమె కుందేలుకు పూనకం అంటుందేమిటని ఏడుపొచ్చింది.

"ఒప్పుకున్నంక ఎనుకకు పోతే తప్పా అవ్వా?" అన్నాను.

"ముందుగాల అడుగాలె. ఎవలచ్చినా అడుగుడు మన హక్కు."

ఆ ఒక్క మాటతో నాకు ధైర్యం వచ్చింది. జీపు మాత్రం మా ఊరు దాటి ఆడపిల్లలతో పోకూడదు, అంతే. తెల్లారి ఇంటింటికీ తిరిగి, కాగితం మీద సంతకం, వేలిముద్ర పెట్టిన అందరి ముందూ సన్న అక్షరాలు గట్టిగా చదివాను. సగం మంది నమ్మలేదు. అంత ముద్దుగా ఉన్న కుందేలు అట్లా ఎందుకు చేస్తుందని నన్నే తిట్టారు. తండాకు కూడా పోయాను. నా జోడు, వాళ్ళ యాడి ఇద్దరూ లేరు, కూలికి పోయారన్నారు.

మూడోరోజు పొద్దున జీపు వచ్చేసరికి నేను దాని ముందు నిలబడ్డాను. నా జోడు బట్టల మూట పట్టుకుని అప్పటికే వచ్చి ఉంది. కుందేలు బయటికి రాగానే అవ్వ పసుపు, కుంకుమ పట్టుకుని ముందుకు నడిచింది. బొమ్మ నొసటన బొట్టు పెట్టి, శిగంలో ఉన్నవాళ్ళను అడిగినట్టే గట్టిగా అడిగింది.

"ఎవలమ్మా నువ్వు? ఏ దిక్కునుంచి అచ్చినవ్?"

ఊరంతా చుట్టూ మూగింది. ఇది అందరికీ తెలిసిన పద్ధతి. అడగడం మొదలయ్యాక జవాబు వచ్చేదాకా ఎవరూ కదలరు. ఆ మనిషికి ఇదంతా తమాషాగా తోచినట్టుంది, నవ్వుకుంటూ బొమ్మను ఆడించాడు.

"పట్నం నుంచి వచ్చాను అవ్వా! మీ పిల్లలకు చదువిస్తాను, బట్టలిస్తాను, బువ్వ పెడతాను."

"ఇచ్చేది జెప్పినవ్. నీకేం గావాలె?"

"నాకా? నాకేమీ వద్దు అవ్వా!"

అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏం వద్దనే దేవతను నేను పుట్టినసంది చూడలె. మా ఎల్లమ్మకు బోనం గావాలె, కోడి గావాలె, చీర గావాలె. నోరిడిశి అడుగుతది, ఇయ్యకుంటె కోపం జేస్తది. మా తల్లి గంత నిజాయితిగలది. నువ్వు ఏం వద్దంటున్నవంటె, నీకు గావాల్సింది జెప్పరానిదన్న మాట. జెప్పు. ఏం గావాలె?"

గుంపులోంచి ఒక ముసలాయన "జెప్పు తల్లీ, ఏం గావాలె?" అన్నాడు. తర్వాత ఇంకొకరు. నిన్న నన్ను తిట్టినవాళ్ళు కూడా అడగడం మొదలుపెట్టారు. నేను కాగితం ఎత్తి అరిచాను: "మూడేండ్లు ఇంటికి పంపం అని రాసిండ్రు, గది జెప్పు!"

ఆ మనిషి మొదటిసారి తన సొంత గొంతుతో మాట్లాడాడు. "కాగితంలో ఉంది కదమ్మా. మేమేం దాచలేదు. మీరు అడగలేదు."

మా బాపు అప్పటిదాకా దూరంగా నిలబడి ఉన్నాడు. ఆ మాట విని వచ్చి జీపు తలుపు పట్టుకున్నాడు. "ఇప్పుడు అడుగుతున్నం. కాగితాలు ఇయ్యి." ఆయన ఇచ్చాడు. అన్నీ ఇచ్చేదాకా నేను జీపు ముందు నుంచి జరగలేదు. దంతాలపల్లి వైపు నుంచి పోయిన పిల్లల సంగతి బాపు గద్దించి అడిగాడు. ఆయన జీపెక్కి బండి కదిలించాడు. వాళ్ళు ఏమయ్యారో మాకు ఎన్నటికీ తెలియలేదు.

జీపు పోయాక నేను గెలిచినంత సంబరంతో నా జోడు దగ్గరికి పరుగెత్తి దాని కాగితం దాని చేతిలో పెట్టాను. అది కాగితాన్ని చూడలేదు, నన్ను చూసింది.

"పోవద్దా?" అంది వచ్చీ రాని తెలుగులో.

"వద్దే. గా కుందేలు అబద్ధం జెప్పింది."

"కుందేలు నాకేం జెప్పలె. దాని మాటనే నాకు తెల్వదు. నాకు జెప్పింది నువ్వు."

మూట చంకన పెట్టుకుని తండా వైపు నడిచింది. నా చెంప ఛెళ్ళుమన్నట్టయింది. నిజమే. సన్న అక్షరాలు చదవకుండా, మంచిదంతా ముందు పెట్టి దాని వేలు సిరాలో అద్దింది ఎవరు? నాకు ఆ క్షణం నా మీద అసహ్యం వేసింది. అయితే అసహ్యంతో కూర్చుంటే దానికి అక్షరం రాదు కదా.

పంతులు వెంట పడ్డాను. అంత పెద్దపిల్లను మూడో తరగతిలో ఎట్లా కూర్చోబెట్టాలన్నాడు. నవ్వుకుంటూ నిలబడ్డారు కదా సార్ ఆ రోజు, అన్నాను. ఒప్పుకున్నాడు. బాపును తండాకు పంపి వాళ్ళ యాడితో మాట్లాడించాను. నా ఎనిమిదో తరగతికి బాపు సరేననడానికి ఇంకో ఏడాది పట్టింది. ఇది మాత్రం వారంలో సాధించాను.

బడిలో చేరే రోజు దాన్ని తీసుకురావడానికి పొద్దున్నే తండాకు పోయాను. అది నాతో మాట్లాడకుండా ముందు నడుస్తోంది. నేను వెనక నుంచి వాళ్ళ మాటలో చెప్పుకుంటూ పోయాను. నీ పక్కన చిన్న పిల్లలు కూర్చుంటారు. నిన్ను చూసి నవ్వుతారు. పంతులు చింతబరికతో కొడతాడు. కూలికి పోలేదని ఇంట్లో రోజూ తిడతారు. తెలుగు తొందరగా రాదు, ఏళ్ళు పట్టవచ్చు. ఇంత చేసినా ఏ ఉద్యోగమూ రాకపోవచ్చు.

బడి కనిపించే చోట అది ఆగి వెనక్కి తిరిగింది.

"ఇంకేమన్న ఉన్నదా?"

వెతికాను. "లే. గింతే."

"అయితె నడువ్," అంది.