నాన్న బార, మాస్టారి లోలకం

బీరువాలోంచి స్టాప్‌క్లాక్ తీసి, కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నాను. టిక్కు టిక్కుమంటోంది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా అరచేతుల్లో చెమట పడుతుంది. పలాసలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం నాది. ఇంత భయస్థురాలికి ఈ ఉద్యోగమేమిటని మీరు నవ్వవచ్చు. దానికి కారణం టెక్కలిలో నాకు ఫిజిక్స్ చెప్పిన కూర్మారావు మాస్టారు. ఆయన పోయి రెండేళ్లయింది.

కరోనాకు కాలేజీలు మూసేసిన రోజులవి. మాది అక్కుపల్లి. నాన్న సముద్రం మీద వేటకు వెళ్లేవాడు. ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి తుఫాను షెల్టర్ మేడెక్కి క్లాసులు వినేదాన్ని. ల్యాబ్ కూడా ఫోన్లో ఒక యాప్‌లోనే. వేలితో నొక్కితే బొమ్మ లోలకం ఊగేది, గురుత్వ త్వరణం ఠంచనుగా తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చేది. దారం తెగదు, గాజు పగలదు, ఎవరూ తిట్టరు. ఎంత హాయో! ప్రయోగమంటే పుస్తకంలో ఉన్న జవాబును రప్పించడమేనని నా బుర్రలో గట్టిగా నాటుకుపోయింది. మాస్టారు మాత్రం ఆ యాప్ పక్కన పెట్టి, తలుపు గడియకు దారం కట్టి, తాళంకప్ప వేలాడదీసి కెమెరా ముందు ఊపేవారు. ఒకరోజు తొమ్మిది పాయింట్ ఐదు వచ్చింది. "సూసినారా, ఎంత దగ్గరికొచ్చిందో!" అని మురిసిపోయారు. జవాబు కూడా సరిగ్గా రప్పించలేని ఈయనేం మాస్టారని నాకు ఒళ్లు మండింది.

ఆ వారమే, ఇంట్లో ఉన్నవాటితో లోలకం కట్టి రీడింగులు పంపమన్నారు. నేను వల దారానికి సీసం గుండు కట్టాను. కొలవడానికి టేపు లేదు. నాన్న రెండు చేతులూ చాచి దారం పట్టుకుని "బారెడు" అన్నాడు. బారంటే ఆరడుగులని మా ఊళ్లో అందరి నోటా ఉన్న మాటే. లెక్క కడితే పది పాయింట్ ఐదు! మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఫెయిలవుతానన్న భయంతో, తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చేదాకా టైములు మార్చేసి ఫొటో పంపాను.

మర్నాడు పొద్దున్నే షెల్టర్ మేడ మీద ఉండగా మాస్టారి ఫోన్. "ఏటమ్మా, మూడుసార్లూ ఒక్కటే టైమొచ్చిందేటి?"

ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"అసలు కాగితం ఉందా, సింపేసినావా?"

"ఉంది సార్" అన్నాను. చదవమన్నారు. ఏడుస్తూనే చదివాను.

"దారమెవలు కొలిసినారు?"

"మా నాన్న సార్. బారెడు. ఆరడుగులు."

"మీ నాన్న ఆరడుగుల మడిసేటి? మడిసెంత పొడుగో బారా ఇంచుమించు అంతే. కొలిసి సూడు."

కుట్టుమిషను పిన్ని దగ్గర టేపు అడిగి తెచ్చాను. దారం అయిదడుగుల ఏడంగుళాలు. నా అసలు టైములతో లెక్క కడితే తొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చి కూర్చుంది. ఒప్పుగా ఉన్నవాటినే నేను చెరిపేశాను! సిగ్గుతో చచ్చిపోయాను. నాన్నకేమో కోపం వచ్చింది. "ఇన్నేళ్లూ నా బారతోనే కదేటే వలలు కట్టినాను? సేపలేమైనా తక్కువని అన్నాయేటి?"

కాలేజీ తెరిచాక అసలు కష్టం మొదలైంది. ఫోన్లో అన్నీ చేసినవాళ్లం, ల్యాబ్‌లో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాళ్లం. ఏది ముట్టుకుంటే ఏది పాడవుతుందోనని భయం. అలాగే చివరి ప్రాక్టికల్ పరీక్ష వచ్చిపడింది. అది పోతే డిగ్రీ ఆగిపోతుంది, ఎమ్మెస్సీ ఆశ అక్కడితో సరి. చీటీ తీస్తే లోలకం. ఊపులు లెక్కపెడుతుండగా, వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ నా పక్కన ఆగాడు. లెక్క ఎక్కడిదాకా వచ్చిందో తడబడ్డాను. జవాబు ఎనిమిది పాయింట్ తొమ్మిది వచ్చింది. మళ్లీ చేయడానికి టైము లేదు. పక్కబల్ల పిల్ల "తొమ్మిది పాయింట్ ఎనిమిదని రాసేయే" అని గొణిగింది. నేను మాస్టారి వైపు చూశాను. ఆయన కిటికీ వైపు తిరిగి, వీపు చూపిస్తూ నిలబడ్డారు. ఒక్కసారి ఇటు తిరిగితే ఆయన సొమ్మేం పోతుందనుకున్నాను. అయినా ఎనిమిది పాయింట్ తొమ్మిదని రాసి, కింద "ఊపుల లెక్కలో ఒకటి తప్పి ఉండవచ్చు" అని చేర్చాను.

అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ఫలితాలు వచ్చిన రోజు ఆయన మీద ఉన్న కోపమంతా కక్కేశాను. "నా వైపు ఒక్కసారైనా చూడలేదేం సార్?"

ఆయన చేతిలోని సుద్దముక్కను బల్ల మీద పెట్టారు. "భయమేసిందమ్మా. నీ మొకం సూత్తే, తొమ్మిది పాయింట్ ఎనిమిది రాసెయ్‌మని నానే సెప్పేత్తానేమోనని."

ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్షల్లో పిల్లల పక్కన నిలబడేది నేనే. రీడింగు రాక, ఏడుపు మొహంతో ఏ పిల్లో నా వైపు చూస్తుంది. రాసెయ్‌మనే ఆ మాట నా నాలుక చివరిదాకా వస్తుంది. ప్రతిసారీ వస్తుంది. నేను కిటికీ వైపు తిరుగుతాను.